ఒకే ఆట, రెండు యంత్రాలు: దోషమెవరిది?

ఒకే కచేరీని రెండు ఇళ్ళలో రెండు రేడియోలపై విన్నప్పుడు, ఒక ఇంట గాత్రం తేటగా వినిపించవచ్చును. పక్క ఇంట గరగరమని వినిపించవచ్చును. అప్పుడు పాడినవారిని ఎవరూ తప్పుపట్టరు. పెట్టెను విప్పి చూస్తారు, ఏరియల్‌ను సరిచేస్తారు. కాని వీడియో ఆటల లోకంలో ఇంత సులువుగా తీర్పు చెప్పుటకు వీలులేదు. అక్కడ జరిగేది ఒకే పాటను రెండు పెట్టెలలో వినిపించుట కాదు. ఒకే కృతిని రెండు వేర్వేరు వాద్యాలపై వాయించుట. వీణకు కుదిరిన వేలి పోకడ వేణువుకు కుదరదు. కృతి ఒకటే అయినా, వాయించేవాడు ప్రతి వాద్యానికీ వేరుగా సాధన చేయవలసినదే.

టెలివిజనుకు తగిలించి ఆడుకొనే ఆట యంత్రాన్ని కన్సోలు అంటారు. ఒక ఆటను పలు కన్సోళ్ళకు తయారుచేసి, ఒకే పేరుతో, దాదాపు ఒకే ధరకు అమ్ముట ఆ పరిశ్రమలో చిరకాలపు ఆచారం. అయితే ఒక యంత్రంపై బొమ్మ నిగనిగలాడుతూ, మరొక యంత్రంపై మసకబారి, తడబడుతూ కనిపించిన సందర్భాలు ఎన్నో ఉన్నవి. సమానంగా ధర చెల్లించిన ఇద్దరిలో ఒకరికి తక్కువ సరుకు దక్కుట న్యాయమా? కాకపోతే ఎవరిని నిలదీయవలెను? యంత్రాన్ని నిర్మించినవారినా, ఆటను వ్రాసినవారినా, లేక పెట్టుబడి పెట్టి గడువు విధించిన ప్రచురణకర్తలనా? ఈ వ్యాజ్యానికి నలుబది ఏండ్లకు పైబడిన చరిత్ర కలదు.

తొలి సాక్ష్యం

1980లో జపాను దేశపు నామ్కో సంస్థ వెలువరించిన ప్యాక్‌మ్యాన్ ఆట, నాణెం వేసి ఆడే పెద్ద యంత్రాలపై లోకమంతటా మారుమ్రోగినది. 1982లో అమెరికాలోని అటారి సంస్థ దానిని తన 2600 అనే ఇంటి యంత్రానికి తెచ్చినది. ఆ యంత్రం 1977 నాటిది. దాని తాత్కాలిక మెమరీ మొత్తం 128 బైట్లు మాత్రమే. అనగా ఈ పేరాలోని అక్షరాలైనా అందులో పట్టవు. ఇద్దరు ఆటగాళ్ళు, వారు విసిరే గుండ్లు, ఒక బంతి, ఇంతవరకే కదిలే బొమ్మలను దృష్టిలో పెట్టుకొని దానిని నిర్మించినారు. ప్యాక్‌మ్యాన్‌లోనో, నాయకుని వెంటబడే దయ్యాలే నాలుగు. ఒక్కొక్క దయ్యాన్ని వంతులవారీగా గీయవలసి రావడంతో, అవి మినుకు మినుకుమంటూ కనిపించినవి. రంగులు మారినవి, శబ్దాలు మారినవి. లక్షల సంఖ్యలో అమ్ముడుపోయినా, కొన్నవారు పెదవి విరిచినారు.

దోషం యంత్రానిదేనని అప్పుడు అనుకొనుట సహజమే. కాని అదే యంత్రంపై తరువాత వచ్చిన మిస్ ప్యాక్‌మ్యాన్ అనే ఆట ఎంతో చక్కగా కుదిరినది. ఈ రెండింటికీ నడుమ భేదమేమి? మొదటి ఆటకు 4 కిలోబైట్ల గుళిక ఇచ్చినారు. రెండవదానికి 8 కిలోబైట్లది ఇచ్చినారు. యంత్రం మారలేదు, దానిపై పెట్టిన ఖర్చూ, పడిన శ్రమా మారినవి. మొదటి ఆటను వ్రాసిన టాడ్ ఫ్రై అనే యువకునిపై ఆ తరువాత ఎన్నో ఏండ్లు నిందలు కురిసినవి. కాని గుళిక పరిమాణం ఖరారైన చోటనే ఫలితంలో సగం ఖరారైనదన్న సంగతిని నిందించినవారు గమనించలేదు.

జంట ఎద్దుల బండి

1994 నవంబరులో సెగా సంస్థ శాటర్న్‌ను, డిసెంబరులో సోనీ సంస్థ ప్లేస్టేషన్‌ను జపానులో విడుదల చేసినవి. శాటర్న్‌లో హిటాచీ వారి ప్రాసెసర్లు రెండున్నవి. రెండెద్దులున్న బండి ఒంటెద్దు బండికంటె వేగంగా పోవలెను గదా! కాని ఆ రెండెద్దులకూ కాడి ఒక్కటే. మెమరీకి పోయే దారి రెండింటికీ ఉమ్మడిది కావడంచేత, ఒకటి నడిచేటప్పుడు మరొకటి ఆగవలసి వచ్చేది. రెంటినీ సమంగా నడిపించగల ప్రోగ్రామర్లు నూటికి ఒక్కరుందురేమోనని, వర్చువా ఫైటర్ సృష్టికర్త, సెగా వారి సొంత కళాకారుడు అయిన యూ సుజుకీయే అభిప్రాయపడినారు.

అంతేకాదు, ప్లేస్టేషన్ త్రిభుజాలను పేర్చి బొమ్మలను కట్టగా, శాటర్న్ చతుర్భుజాలను పేర్చి కట్టేది. త్రిభుజాలతో రూపొందిన ఆటను చతుర్భుజాలలోకి మార్చుట, పద్యాన్ని ఒక ఛందస్సు నుండి మరొక ఛందస్సులోకి మార్చుట వంటిది. పొగమంచు, గాజు, నీడ వంటి పారదర్శక దృశ్యాలను శాటర్న్‌పై చూపుట మరీ కష్టమయ్యేది. అయినను చదునైన బొమ్మలతో నడిచే ఆటలలో అది మేటిగానే నిలిచినది. ఇక్కడ నేరం చాలవరకు యంత్ర నిర్మాతదేనని అంగీకరించవలెను. బలం ఉన్నంతమాత్రాన చాలదు; ఆ బలాన్ని అందుకొనే పిడి కూడ ఉండవలెను.

అంగట్లో అన్నీ ఉన్నా

ఈ చరిత్రలో అన్నిటికంటె సుదీర్ఘమైన వాదం ప్లేస్టేషన్ 3 చుట్టూ నడిచినది. మైక్రోసాఫ్ట్ వారి ఎక్స్‌బాక్స్ 360 అమెరికాలో 2005 నవంబరులో వెలువడగా, సోనీ వారి ప్లేస్టేషన్ 3 జపానులోను, అమెరికాలోను 2006 నవంబరులో వెలువడినది. దాని హృదయం సెల్ అనే ప్రాసెసరు. సోనీ, తోషిబా, ఐబీఎం సంస్థలు 2001 మొదలుకొని ఉమ్మడిగా శ్రమించి దానిని రూపొందించినవి. కాగితంపై చూచినవారికి అది అద్భుతమే.

దాని పనితీరును పెళ్ళివారి వంటశాలతో పోల్చి చెప్పవచ్చును. ఎక్స్‌బాక్స్ 360 వంటశాలలో ముగ్గురు వంటవారున్నారు. ముగ్గురూ అన్ని వంటలూ తెలిసినవారే. సరుకుల గది ఒక్కటే. 512 మెగాబైట్ల విశాలమైన గది. ఎవరికేది కావలసినా నేరుగా వెళ్ళి తెచ్చుకొందురు. ప్లేస్టేషన్ 3 వంటశాలలో అన్నీ తెలిసిన వంటవాడు ఒక్కడే. అతని చేతిక్రింద ఆటల నిమిత్తం ఆరుగురు సహాయకులు. తరుగుట, రుబ్బుట వంటి ఒక్కొక్క పనిలో వారి చేతివేగం అసామాన్యం. కాని ఒక్కొక్కరి ముందు 256 కిలోబైట్ల చిన్న పీట మాత్రమే ఉన్నది. ఆ పీటపై ఉన్న సరుకుతోనే వారు పనిచేయగలరు. ఏ సరుకు ఎప్పుడు పీటపైకి రావలెనో, ఎప్పుడు తిరిగి పోవలెనో, ప్రోగ్రామరు ముందుగానే లెక్కగట్టి వ్రాసి ఉంచవలెను. పైగా సరుకుల గది రెండు గదులుగా విడిపోయినది: ప్రాసెసరుకు 256 మెగాబైట్లు, బొమ్మలు గీసే చిప్‌కు 256 మెగాబైట్లు. ఒక గదిలో చోటు మిగిలినా, రెండవ గదిలోని ఇరుకును తీర్చుట అంత తేలిక కాదు. యంత్రం తన నిర్వహణకై తీసుకొనే వాటా పోగా ఆటకు మిగిలే చోటు కూడ ప్రత్యర్థికంటె తక్కువే.

బొమ్మలు గీసే చిప్ విషయంలోను భేదమున్నది. ఎక్స్‌బాక్స్ చిప్‌కు ప్రక్కనే 10 మెగాబైట్ల అతివేగమైన మెమరీ అమరినది. అందువలన పొగ, మంట, దుమ్ము తెరలు తెరలుగా కమ్మే దృశ్యాలు దానిపై సులువుగా సాగినవి. ప్లేస్టేషన్ 3 మీద అట్టి దృశ్యాలలో చిత్రం తడబడేది. లేదా ఆ పొగను ముతక చుక్కలతో గీసి సరిపెట్టవలసి వచ్చేది. అంగట్లో అన్నీ ఉన్నా అల్లుడి నోట్లో శని అన్నట్లు, బలమంతా ఉండికూడ వాడుకకు అందక నిలిచినది.

ఫలితాలు త్వరలోనే బయటపడినవి. 2007లో వచ్చిన మ్యాడెన్ ఫుట్‌బాల్ ఆట ఎక్స్‌బాక్స్ 360 మీద సెకనుకు 60 చిత్రాల చొప్పున నడువగా, ప్లేస్టేషన్ 3 మీద 30 చిత్రాలతో సరిపెట్టినారు. అదే సంవత్సరం వాల్వ్ సంస్థ ఆరెంజ్ బాక్స్ అనే ఆటల సంపుటిని తానే ఎక్స్‌బాక్స్‌కు సిద్ధం చేసి, ప్లేస్టేషన్ 3 పనిని ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ వారి ఇంగ్లండు శాఖకు వదలివేసినది. ఆ రూపాంతరం ఆలస్యంగా వచ్చినది, వచ్చీ తడబడినది. వాల్వ్ అధిపతి గేబ్ న్యూవెల్ ఆ యంత్రంపై శ్రమించుట అందరి కాలాన్నీ వృథా చేయుటయే అనే ధోరణిలో మాట్లాడినారు. ఆడలేక మద్దెల ఓడు అన్నట్లున్నదని సోనీ అభిమానులు ఎదురు తిరిగినారు.

మద్దెల ఓడేనా?

ఇరుపక్షాల మాటలోను కొంత నిజమున్నది. 2009 ఆరంభంలో సోనీ ఆటల విభాగానికి అధిపతిగా ఉన్న కజువో హిరాయ్ ఒక పత్రికతో మాట్లాడుతూ, తమ యంత్రాన్ని ప్రోగ్రామర్లకు సులభంగా ఉండేటట్లు నిర్మించలేదని చెప్పినారు. మొదటి రోజే అంతా చేతికందితే మిగిలిన సంవత్సరాలలో కొత్తగా చూపేదేమి ఉంటుందన్నది వారి తర్కం. ఈ మాటకు ఆటల నిర్మాతలు నివ్వెరపోయినారు. తాళం గట్టిదని గర్వించుట వేరు. అతిథి చేతికి తాళంచెవి ఇవ్వకుండా గర్వించుట వేరు. నిజానికి సోనీ ఈ లోపాన్ని గ్రహించకపోలేదు. ఎడ్జ్ అనే సాధన సామగ్రిని 2007లోను, ఫైర్ ఇంజిన్ అనే దానిని 2008లోను నిర్మాతలకు అందించినది. కాని ఎక్స్‌బాక్స్ ఒక సంవత్సరం ముందుగా వచ్చి, తేలికైన సాధనాలతో అందరి బల్లలపైనా చోటు సంపాదించుకొన్నది. అందుచేత చాలమంది మొదట ఎక్స్‌బాక్స్‌కు వ్రాసి, పిదప ప్లేస్టేషన్‌కు మార్చుట అలవాటు చేసుకొన్నారు.

అలవాటే అసలు చిక్కుముడి అని రుజువు చేసినవారు లేకపోలేదు. ఇంగ్లండులోని క్రైటీరియన్ నిర్మాణశాల 2008లో వెలువరించిన బర్నౌట్ ప్యారడైజ్‌ను ముందుగా ప్లేస్టేషన్ 3ని దృష్టిలో పెట్టుకొని నిర్మించినది. రెండు యంత్రాలపైనా ఆ కార్ల పందెం దాదాపు సమానంగా, సెకనుకు 60 చిత్రాలతో సాగినది. కారణం విచిత్రమేమీ కాదు. పనిని చిన్న చిన్న ముక్కలుగా కోసి ఆరుగురు సహాయకులకు పంచే పద్ధతిలో వ్రాసిన ఆట, ముగ్గురు వంటవారున్న చోట కూడ చక్కగా నడుస్తుంది. ముగ్గురికని వ్రాసినదానిని ఆరు పీటలకు పంచుట మాత్రం ప్రయాస.

జపానులోని ప్లాటినం గేమ్స్ కథ ఇంకను బోధకరమైనది. 2009లో వచ్చిన వారి బయొనెట్టాను ఎక్స్‌బాక్స్‌కు తామే నిర్మించినారు. ప్లేస్టేషన్ 3 రూపాంతరం సెగా చేతిమీదుగా జరిగినది. అది వేగం తగ్గి, మాటిమాటికి ఆగి, కొన్నవారి ఓర్పును పరీక్షించినది. ఆ నిర్మాణశాల పెద్దలలో ఒకరైన అత్సుషీ ఇనాబా తరువాతి కాలంలో, అది తమ సంస్థ చరిత్రలో అతిపెద్ద వైఫల్యమని ఒప్పుకొన్నారు. అయితే వారు అంతటితో ఆగలేదు. 2010లో వచ్చిన వ్యాంక్విష్ అనే ఆటను ప్లేస్టేషన్ 3 మీదనే ముందుగా, తమ చేతులతోనే నిర్మించినారు. రెండు యంత్రాలపైనా అది సమానంగా రాణించినది. యంత్రం అదే, మనుషులు వారే. మారినది పని వరుస.

త్రాసు ఎప్పుడూ ఒకే వైపు మొగ్గలేదు. 2010 మార్చిలో ఫైనల్ ఫాంటసీ 13 పాశ్చాత్య దేశాలలో రెండు యంత్రాలకూ వెలువడినది. అది ప్లేస్టేషన్ 3ని ఆధారం చేసుకొని పెరిగిన ఆట. సోనీ యంత్రంపై చిత్రం 1280 చుక్కల వెడల్పు, 720 చుక్కల ఎత్తు కాగా, ఎక్స్‌బాక్స్ మీద 1024 వెడల్పు, 576 ఎత్తు మాత్రమే. అటు ఒక్క బ్లూరే పళ్ళెంలో ఇమిడిన ఆట, ఇటు మూడు డీవీడీలుగా చీలినది. పళ్ళెంలో చోటు చాలక చలనచిత్ర భాగాలను నొక్కి కుదించినారు. ఈసారి ఫిర్యాదు చేసినది ఎక్స్‌బాక్స్ కుటుంబాలు.

2010 జూన్‌లో న్యూవెల్ స్వయంగా సోనీ వేదికపైకి వచ్చి, తమ పోర్టల్ 2 ఆటను ప్లేస్టేషన్ 3కి తెచ్చెదమని ప్రకటించినారు. కాని కష్టాలు తీరిపోలేదు. 2011 నవంబరులో వచ్చిన స్కైరిమ్‌లో, ఆట సాగిన కొద్దీ భద్రపరచిన లెక్కల దస్త్రం పెరిగిపోయి, ప్లేస్టేషన్ 3 మీద నత్తనడకగా మారినది. గంటల తరబడి ఆడి, వీరుని పెంచి పెద్దచేసిన వారికే శిక్ష ఎక్కువ పడినది. దాని మొదటి అనుబంధ భాగం ఎక్స్‌బాక్స్‌కు 2012 జూన్‌లో రాగా, ప్లేస్టేషన్ 3కి 2013 ఫిబ్రవరి వరకు రాలేదు.

తారుమారైన పీట

ఈ అనుభవం నుండి సోనీ పాఠం నేర్చినది. తరువాతి యంత్రానికి శిల్పి మార్క్ సెర్నీ. 2013లో బార్సిలోనాలో చేసిన ప్రసంగంలో వారొక చక్కని కొలమానం చెప్పినారు. కొత్త యంత్రం చేతికి వచ్చిన తరువాత తెరపై బొమ్మ గీసే పునాది పని సమకూరుటకు ఎంత కాలం పడుతుంది? మొదటి ప్లేస్టేషన్‌కు ఒకటి రెండు నెలలు. రెండవదానికి మూడు నుండి ఆరు. మూడవదానికి ఆరు నుండి పన్నెండు. నాల్గవదానికి మరల ఒకటి రెండు నెలలకే దించినారు. ప్లేస్టేషన్ 4లో 8 గిగాబైట్ల వేగవంతమైన మెమరీని ఒక్కటే గదిగా ఉంచినారు.

విధి వింత చూడుడు! ఈసారి మైక్రోసాఫ్ట్ వారే చిక్కు దారి పట్టినారు. ఎక్స్‌బాక్స్ వన్‌లో మెమరీ 8 గిగాబైట్లే అయినా అది నెమ్మదైనది. ఆ లోటు పూడ్చుటకు 32 మెగాబైట్ల వేగమైన చిన్న అరను చేర్చినారు. ఆ అరలో దేనిని ఉంచవలెనో, దేనిని తీయవలెనో నిర్ణయించే భారం ప్రోగ్రామర్లపై పడినది. బొమ్మలు గీసే బలంలోను ప్రత్యర్థిది పైచేయి. 2013 నవంబరులో వెలువడిన కాల్ ఆఫ్ డ్యూటీ: గోస్ట్స్ ఆట ప్లేస్టేషన్ 4 మీద 1080 చుక్కల ఎత్తుతోను, ఎక్స్‌బాక్స్ వన్ మీద 720 చుక్కల ఎత్తుతోను కనిపించినది. నిన్నటి ఫిర్యాదుదారులు నేడు ఎగతాళి చేయసాగినారు. నిన్న ఎగతాళి చేసినవారు నేడు నిర్మాతలను సోమరులని నిందించసాగినారు. ఇరువురి నోటా మాటలు అవే; మనుషులు మాత్రమే చోట్లు మార్చుకొన్నారు.

వాదాలు ఎంతవరకు పోయినవంటే, 2014లో ఒక ప్రసిద్ధ ఆట నిర్మాత, చర్చల బెడద తప్పుటకు తమ ఆటను రెండు యంత్రాలపైనా ఒకే కొలతకు బిగించినామని అన్నారు. అప్పుడు బలమైన యంత్రం కలవారు తమకు అన్యాయం జరిగినదని గొంతెత్తినారు. ఆ సంస్థ వెంటనే సవరణ ప్రకటన చేసుకొనవలసి వచ్చినది. తక్కువైనా తప్పే, సమానమైనా తప్పే అయినది.

కారణం వేరు, దోషం వేరు

ఇన్ని సాక్ష్యాలు విన్న పిదప తీర్పు చెప్పవలెను. ముందుగా కారణానికీ దోషానికీ గల భేదాన్ని గుర్తించుట అవసరం. యంత్రం బలహీనమగుట ఒక కారణం. అది నేరం కాదు. తక్కువ ధరకు తక్కువ బలం గల యంత్రాన్ని చెప్పి అమ్ముట ధర్మబద్ధమైన వ్యాపారమే. 2020లో వచ్చిన ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎస్ అట్టిదే. పెద్ద యంత్రంలో 16 గిగాబైట్ల మెమరీ ఉండగా దీనిలో 10 ఉన్నది. 2023లో బాల్డర్స్ గేట్ 3 అనే ఆటలో ఇద్దరు ఒకే తెరను పంచుకొని ఆడే సదుపాయం ఈ చిన్న యంత్రంపై కుదరక, ఎక్స్‌బాక్స్ రూపాంతరం ఆలస్యమైనది. చివరకు చిన్న యంత్రంపై ఆ సదుపాయం లేకుండనే డిసెంబరులో విడుదల చేసినారు. ఆ సంగతి ముందుగానే చెప్పినారు గనుక కొనేవారికి తమకేమి దక్కునో తెలిసినది.

దోషాన్ని పట్టుకొనుటకు మూడు పరీక్షలు చాలును. ఒకే యంత్రంపై అందరి ఆటలూ ఒకే చోట కుంటితే, చూపు యంత్ర శిల్పివైపు త్రిప్పవలెను. అదే యంత్రంపై పొరుగువారి ఆట చక్కగా సాగుతూ ఒకరిది మాత్రమే కుంటితే, నిర్మాణశాలను అడుగవలెను. అడిగినప్పుడు వారికి ఇచ్చిన గడువు, ధనం, మనుషులు చాలలేదని తేలితే, అడుగవలసినది గడువు విధించిన వారిని. నాలుగు కిలోబైట్ల గుళికను ఎంచినది ఎవరో, రూపాంతరాన్ని బయటివారికి అప్పగించినది ఎవరో, వారే జవాబుదారులు. రాత్రింబవళ్ళు మేలుకొని తెరపై దయ్యాలను వంతులవారీగా గీసిన యువకుడు కాదు.

ఈ మూడింటికీ పైన మరొకటి ఉన్నది: తెలిసి దాచుట. పోలండు దేశపు సీడీ ప్రాజెక్ట్ సంస్థ 2020 డిసెంబరు 10న సైబర్‌పంక్ 2077ను విడుదల చేసినది. విడుదలకు ముందు సమీక్షకులకు పంపినవి కంప్యూటరు ప్రతులు. పాత కన్సోళ్ళ ప్రతులు కావు. ప్లేస్టేషన్ 4, ఎక్స్‌బాక్స్ వన్ కలవారు ఇంటికి తెచ్చుకొని చూచుకొన్న తరువాతనే దాని దుస్థితి లోకానికి తెలిసినది. వారం రోజులు గడిచీ గడవకముందే సోనీ ఆ ఆటను తన అంగడి నుండి తీసివేసి, డబ్బు తిరిగి ఇచ్చెదనని ప్రకటించినది. 2021 జూన్ వరకు అది తిరిగి రాలేదు. 2021 జనవరిలో ఆ సంస్థ స్థాపకులలో ఒకరైన మార్చిన్ ఇవీన్‌స్కీ ప్రజల ముందుకు వచ్చి, ఆటను మొదట కంప్యూటరుపై దివ్యంగా తీర్చి, పిదప పాత యంత్రాలకు కుదించదలచుటలో గల కష్టాన్ని తాము తక్కువగా అంచనా వేసితిమని చెప్పినారు. పనిచేసిన వారిని నిందించవలదనీ, నిర్ణయం పెద్దలదనీ అన్నారు. ఆలస్యంగా వచ్చినా ఆ మాట సరియైన చిరునామాకు చేరినది.

కాబట్టి ఒక ఇంట పిల్లవాడు తన యంత్రంపై ఆట తడబడుతున్నదని చిన్నబుచ్చుకొన్నప్పుడు, యంత్రాన్ని కొన్న తండ్రిని గాని, పేరు తెలియని ప్రోగ్రామరును గాని తిట్టుకొనుట నిష్ప్రయోజనం. ఈ యంత్రంపై ఈ ఆట ఎట్లుండునో అమ్మేముందు ఎవరికి తెలుసును, తెలిసి కొనేవారికి చెప్పినారా అని అడుగవలెను. యంత్రాల మధ్య హెచ్చుతగ్గులు ఎల్లప్పుడూ ఉంటవి. వాటిని కొనేవాని కంట పడనీయకుండ అమ్మినవాడే ఈ వ్యాజ్యంలో మొదటి ముద్దాయి.